జాబితాలో అన్నిటికంటే తక్కువ అంకె

నేను ఇరవై ఆరేళ్లు ఒకే ఆస్పత్రిలో పనిచేశాను. మొదటి తొమ్మిదేళ్లు రక్తపరీక్షల గదిలో, మిగతాదంతా కంప్యూటర్ గదిలో. రాజోలు వైపు పల్లెలకు అదొక్కటే పెద్ద ధర్మాసుపత్రి. పేరు రాయను. అక్కడ ఇప్పటికీ మంచివాళ్లు పనిచేస్తున్నారు.

ఆస్పత్రుల్లో కంప్యూటర్ పనికి చేరుతున్న పిల్లలు కనిపించినప్పుడల్లా ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. ఏ కంప్యూటర్ భాష నేర్చుకోవాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. అది పది పన్నెండు లైన్ల స్క్రిప్టులో, అంటే ఒక చిన్న ప్రోగ్రాంలో జరిగింది.

ఆ గది

తొంభైల మధ్యలో ఎవరో దాతలు మా ఆస్పత్రికి ఒక కంప్యూటర్ ఇచ్చారు. మందుల అట్టపెట్టెలు పెట్టుకునే కొట్టు ఖాళీ చేసి అందులో పెట్టారు. అమలాపురంలో మూడు నెలలు బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నానని నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. రక్తపరీక్షల గదిలో రోజంతా మనుషుల మధ్య ఉండేవాణ్ణి. వేలికి సూది గుచ్చేటప్పుడు ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు, ముఖం తిప్పుకునేవాళ్లు. కొత్త గదిలోకి దుమ్ము రాకూడదని తలుపు వేసి ఉంచమన్నారు. పొద్దున్న వెళ్లి కూర్చుంటే సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడని రోజులుండేవి. ఇంటికెళ్లినా అంతే. నా భార్య ఎస్తేరు మస్కట్‌లో నర్సు. మాకు పిల్లలు లేరు. ఆదివారం ఆరాధన అయ్యాక టెలిఫోన్ బూత్‌లో కూర్చుంటే తను ఫోను చేసేది. వారం మొత్తానికి అదే నా మాటల వాటా.

ఆ గదికి వచ్చి కాసేపు కూర్చునే మనిషి ఒక్కరే, వీరవేణి గారు. పల్లెల్లో తిరిగే నర్సు. పడవలో గోదావరి దాటి లంకల్లోకి వెళ్లి గర్భిణీల రక్తం చూసి, ఊరికొక కాయితం రాసి శనివారం నాకు తెచ్చి ఇచ్చేవారు. కాయితాలు బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని, ఆ వారం సంగతులన్నీ చెప్పేవారు. ఏ రేవులో పడవ ఆలస్యమైందో, ఏ ఇంట్లో మజ్జిగ ఇచ్చారో. ఆవిడ వెళ్లాక గది అంతకు ముందుకంటే నిశ్శబ్దంగా అనిపించేది.

పని ఏమిటంటే

మా డాక్టర్ సుగుణ గారు మాటలు తక్కువగా, పని ఎక్కువగా ఉండే మనిషి. ఆస్పత్రికి ఉన్నది ఒక్క జీపు. ఊళ్లు నలభైకి పైనే. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టారు.

"ప్రతి ఊళ్లోనూ అందరికంటే రక్తం తక్కువున్న మనిషి ఎవరో నాకు సోమవారం పొద్దున్నకి తెలియాలండి. ఆ తక్కువ ఏడు పాయింట్ల లోపుంటే జీపు పంపిస్తాను. లేకపోతే ఆ ఊరు తర్వాత చూద్దాం" అన్నారు.

వీరవేణి గారి కాయితాల్లోని అంకెల్ని నేను కంప్యూటర్లోకి ఎక్కించేవాణ్ణి. ఊరికొక లైను. ముందు ఊరు పేరు, తర్వాత వరసగా అంకెలు, మధ్య మధ్య కామాలు. ఎన్నో అంకె ఏ మనిషిదో ఆవిడ కాయితంలోని వరస నంబరును బట్టి తెలుస్తుంది. లైనును కామాల దగ్గర ముక్కలు చేసి, ముక్కల్లో చిన్నదేదో తేల్చి, ఊరు పేరు పక్కన అచ్చువేసే స్క్రిప్టు రాశాను.

మొదటిసారి నడిపితే ఊళ్లన్నిటికీ సున్నా వచ్చింది. ఇప్పటిదాకా చూసినవాటిలో చిన్నది సున్నా అని మొదలుపెట్టాను కదా, దానికంటే తక్కువ రక్తం ఎవరికి ఉంటుంది? లైనులోని మొదటి అంకెతో మొదలుపెట్టాలని గ్రహించడానికి ఒక పూట పట్టింది. రెండోసారి కొన్ని ఊళ్లకి ఏమీ రాలేదు, ఖాళీ. పరీక్ష రోజున ఊళ్లో లేని మనిషికి రెండు కామాల మధ్య ఏమీ రాయకుండా వదిలేశాను. ఆ ఖాళీనే చిన్నదిగా పట్టుకుంది. ఖాళీలను దాటెయ్యమని ఒక లైను చేర్చాను. మూడోసారి సరిగ్గా వచ్చింది. లంక ఊళ్లు ఆరింటి కాయితాలు తీసి చేత్తో సరిచూశాను. ఆరూ సరిపోయాయి.

అక్కడితో ఆగిపోయాను. చెయ్యకూడని పని అదే. రెండు తప్పులు పట్టుకున్నాక మూడోది ఉండదన్న ధైర్యం వచ్చేసింది. ఆ లంక ఊళ్లలో పది పాయింట్ల రక్తం ఉన్న ఆడమనిషి ఒక్కరు కూడా లేరు. అన్నీ ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. నేను సరిచూసిన ఊళ్లన్నీ ఒకే రకానివి.

కాలవ గట్టు ఊళ్లలో కొంచెం తిండి మెరుగు. అక్కడ పది, పదకొండు కూడా ఉంటాయి. నేను ముక్కలు చేసిన వాటిని కంప్యూటర్ అంకెలుగా కాక అక్షరాలుగా చూస్తోంది. నిఘంటువులో పదాల్ని పోల్చినట్టు ముందు మొదటి అక్షరాన్ని చూస్తుంది. 10.1లో మొదటిది ఒకటి. 5.4లో మొదటిది అయిదు. అయిదు కంటే ఒకటి ముందు. కాబట్టి 10.1 చిన్నది, 5.4 పెద్దది. రక్తం పది దాటిన మనిషి ఒక్కరున్నా చాలు, ఆ ఊరంతా క్షేమంగా ఉన్నట్టు నా కాయితం చెప్పేది. జీపు వెళ్లేది కాదు.

మూడు నెలలు అలా నడిచింది. సోమవారం సోమవారం కాయితం డాక్టర్ గారి బల్ల మీద పెట్టి, "ఈ వారం మూడు ఊళ్లేనండి" అని చెప్పేవాణ్ణి. ఊళ్లు తగ్గుతున్నాయని నాకు సంతోషంగా కూడా ఉండేది.

సత్యవతి

కాలవ గట్టు ఊరొకటి. సత్యవతి అనే ఆవిడకి రెండో కాన్పు. భర్త నాగేశ్వరరావు అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచే పనిచేస్తాడు. ఇంటి దగ్గరే నొప్పులొచ్చాయి, బిడ్డ పుట్టింది, రక్తం ఆగలేదు. ఆటోలో మా ఆస్పత్రికి తెచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. నాలుగున్నరకి పోయింది. బిడ్డ బతికింది.

డాక్టర్ గారు వార్డు నుంచి నేరుగా నా గది దగ్గరికి వచ్చారు. చేతులు కడుక్కున్న తడి అలాగే ఉంది.

"ఆ ఊరి కాయితం తియ్యండి దయానందం గారూ. అందరికంటే తక్కువ ఎంతుంది?"

"పది పాయింటు ఒకటండి."

"ఈ మనిషికి పది ఎలా ఉంటుందండీ? మనిషి తెల్లకాయితంలా పాలిపోయి ఉంది" అని, అచ్చు కాయితం తీసుకుని వెళ్లిపోయారు.

ఆవిడ వెళ్లాక వీరవేణి గారి చేతిరాత కాయితం తీశాను. వరసలో ఏడో పేరు సత్యవతి. ఎదురుగా 5.4 అని స్పష్టంగా రాసి ఉంది. నేను ఎక్కించిన లైను చూశాను. అందులోనూ 5.4 ఉంది. ఎక్కించడంలో తప్పు లేదు. ఒక కొత్త లైనులో 10.1, 5.4 అని రెండే అంకెలు కొట్టి స్క్రిప్టు నడిపాను. 10.1 అని వచ్చింది.

బేసిక్‌లో అక్షరాల్ని అంకెగా మార్చే ఆజ్ఞ ఒకటుంది, ఇంగ్లీషులో మూడే అక్షరాలు. పోల్చే లైనులో రెండు చోట్ల దాన్ని చేర్చి మళ్లీ నడిపాను. 5.4 వచ్చింది. చేతిరాత కాయితం సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎందుకు వేశానో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు.

తొమ్మిది రోజులు

మర్నాడు ఆస్పత్రి పాలన చూసే కార్యదర్శి గారి గదిలో విచారణ. నన్నూ పిలిచారు. వీరవేణి గారు గోడవారగా నిలబడ్డారు. కార్యదర్శి గారు నా అచ్చు కాయితం ముందు పెట్టుకుని అడిగారు.

"ఈ ఊళ్లో తక్కువ పదీ పాయింటు ఒకటని ఉంది. మరి ఆ చనిపోయినావిడ రక్తం చూసేరా లేదా?"

"చూసేనండీ. రాసేను కూడానండీ."

"ఎంత రాసేరు?"

"అంకె గుర్తులేదండీ. తక్కువే రాసేనండీ. కనురెప్ప కిందకి లాగి చూసేను, తెల్లగా ఉంది."

"తక్కువ రాస్తే కాయితంలో రావాలి కదమ్మా. కంప్యూటర్‌కి మీ మీద కోపమా?"

ఆవిడ నా వైపు చూశారు. నిందగా కాదు. నేను ఏదైనా చెబుతానేమోనని, ఆశగా. నేను బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను. చేతిరాత కాయితం ఏదని ఎవరూ అడగలేదు. అడిగితే ఇచ్చేవాణ్ణనే ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి.

ఆవిణ్ణి పల్లెల పని నుంచి తప్పించి, ఆపరేషన్ సామాను ఉడకబెట్టే గదిలో వేశారు.

ఆ ఆదివారం బూత్‌లో ఫోను మోగింది. చెప్పేద్దామనే వెళ్లాను. ఎస్తేరు తన వార్డులో ఒక ముసలాయన తెలుగు వినాలని తనని పక్కన కూర్చోబెట్టుకున్నాడని చెప్పింది. తర్వాత "మీరెలా ఉన్నారండీ?" అంది.

"బాగానే ఉన్నాను."

"అన్నం తింటున్నారా?"

"ఆయ్."

గాజు తలుపు బయట ఇద్దరు తమ వంతు కోసం నిలబడ్డారు. ఫోను పెట్టేశాను. ఎన్నో ఏళ్ల తర్వాత, తను వచ్చేశాక ఇదంతా చెబితే ఎస్తేరు ఒక మాట అంది. "ఆ వారం మీ గొంతులో తేడా తెలిసిందండీ. అడిగితే నిజం చెబుతారేమో, అంత దూరం నుంచి నేనేం చెయ్యగలనని భయపడి అడగలేదు." ఇద్దరం ఫోనుకి చెరో చివర ఒంటరిగా కూర్చున్నామన్నమాట.

తొమ్మిదో రోజు శనివారం. వీరవేణి గారి స్థానంలో వేసిన రాజ్యలక్ష్మి గారు వచ్చారు. నా కంటే పెద్దావిడ. ఒక్కో ఊరికి రెండేసి కాయితాలు తెచ్చారు.

"ఒకటి మీకండి. రెండోదాని మీద సంతకం పెట్టి నాకిచ్చెయ్యండి, నేను దాచుకుంటాను" అన్నారు.

"ఎందుకండీ?"

"నేను రాసిందే మీకు చేరిందని ఉండాలి కదండీ. లేకపోతే రేపు నన్నూ వీరవేణిలాగే నిలబెడతారు."

పెన్ను తీశాను. సంతకం పడలేదు. "మీరు ఇక్కడే కూర్చోండి" అని చెప్పి, సొరుగు తాళం తీసి, ఆ చేతిరాత కాయితం పట్టుకుని డాక్టర్ గారి గదికి వెళ్లాను.

డాక్టర్ గారు అడిగిన ప్రశ్న

నేను మంచి పై అధికారుల్నీ చూశాను, చెడ్డవాళ్లనీ చూశాను. మంచివాళ్లు మెత్తగా ఉంటారని అనుకోకండి. సుగుణ గారు నేను చెప్పింది మొదటినుంచి చివరిదాకా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. కాయితం చూశారు. 5.4 మీద వేలు పెట్టి కాసేపు ఉంచారు.

"ప్రోగ్రాం ఎప్పుడు సరిచేసేరు?"

"ఆవిడ పోయిన రోజేనండి."

"సరిచేసేక, ఈ మూడు నెలల జాబితాలూ మళ్లీ నడిపేరా?"

నడపలేదన్నాను. నిజంగా ఆ ఆలోచనే రాలేదు. సత్యవతి ఎలా చనిపోయిందో, తప్పు ఎవరిదని తేలుతుందో, నా ఉద్యోగం ఏమవుతుందో, వీరవేణి గారి ముఖం ఎలా చూడాలో, వీటి చుట్టూనే తొమ్మిది రోజులు తిరిగాను. ఇంకా బతికున్న వాళ్లు ఆ జాబితాల్లో ఉంటారని తట్టలేదు.

"తొమ్మిది రోజులూ మీ గురించే ఆలోచించేరండి మీరు" అన్నారావిడ. కోపంగా అనలేదు, రోగం పేరు చెప్పినట్టు చెప్పారు. "పదండి, కాయితాలన్నీ తెండి. మిషను వద్దు."

నేనూ, డాక్టర్ గారూ, రాజ్యలక్ష్మి గారూ ముగ్గురం కూర్చుని, జీపు వెళ్లని ప్రతి ఊరి కాయితాన్నీ పేరు పేరునా చదివాం. గంటన్నర పట్టింది. ఏడు లోపున్న వాళ్లు నలుగురు తేలారు. ఒకావిడ ఐ.పోలవరం వైపు, నాలుగూ పాయింటు తొమ్మిది, ఎనిమిదో నెల. సాయంత్రానికల్లా జీపు రెండు ట్రిప్పులు వేసింది. నలుగురూ బతికారు. ఐ.పోలవరం ఆవిడకి రెండు సీసాల రక్తం ఎక్కించారు. వార్డులోకి వెళ్లి తలుపు దగ్గర నుంచి చూసి వచ్చాను. నేనెవరో ఆవిడకి తెలియదు.

ఉద్యోగం తియ్యలేదు. తప్పు వీరవేణి గారిది కాదని కార్యదర్శి గారి చేత కాయితం రాయించి, అందరూ చూసేలా గోడకి అంటించారు డాక్టర్ గారు. నా పేరు కూడా రాయించారు. అలా రాయించడమే న్యాయం.

వీరవేణి గారు

సామాను ఉడకబెట్టే గదికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆవిడ పట్టకారుతో కత్తెరలు తీసి గుడ్డ మీద పేరుస్తున్నారు.

"తెల్లగా ఉందని నా కళ్లతో నేనే చూసేనండీ దయానందం గారూ. అయినా కాయితంలో జీపు అక్కర్లేదని వచ్చిందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాదే కదండీ" అన్నారు.

"తప్పు నాదండీ."

"ఆయ్. మీదీ ఉంది. నాది మీరు తీసుకోలేరు కదండీ."

ఆవిడ మళ్లీ పల్లెలకి వెళ్లారు. శనివారం శనివారం కాయితాలు తెచ్చేవారు. ఎప్పటిలాగే మర్యాదగా "నమస్కారమండీ" అనేవారు. కానీ గుమ్మం దగ్గరే ఇచ్చి వెళ్లిపోయేవారు. లోపలికి రమ్మని పిలిచే హక్కు నాకు లేదనిపించింది. పధ్నాలుగేళ్లు అలాగే గడిచాయి. ఆ ఏళ్లలో గది మారింది, కంప్యూటర్లు నాలుగు మారాయి, కొత్త భాషల్లో కొత్త స్క్రిప్టులు రాశాను. చిన్న అంకెను పట్టుకోవడం ఇప్పుడు ఒక్క మాటతో అయిపోతుంది. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లకి నేను ఒక్కటే చెబుతాను. మీ స్క్రిప్టు ఏ ఊరిని చూడనక్కర్లేదని చెప్పిందో, ముందు ఆ ఊరి జాబితా తీసి చదవండి. చూడమన్న ఊరిని ఎలాగూ ఎవరో ఒకరు చూస్తారు. తప్పు తెలిసిన రోజున, దానివల్ల ఇంకా ఎవరు ప్రమాదంలో ఉన్నారో మొదట వెతకండి. మీ సంగతి తర్వాత.

అంబాజీపేట

అదంతా బయటపడ్డ రోజుల్లోనే సత్యవతి ఇంటికి డాక్టర్ గారు తనే వెళ్లి జరిగింది చెప్పి వచ్చారు. నన్ను రావద్దన్నారు. నెలరోజులు ఆగి, చేతిరాత కాయితం నకలు జేబులో పెట్టుకుని, బస్సెక్కి అంబాజీపేట వెళ్లాను.

కొబ్బరికాయల దుకాణం వెనక పెద్ద ఆవరణ. లారీ ఒకటి వెనక్కి ఆనించి ఉంది. నేలలో పాతిన గునపాల దగ్గర నలుగురు నిలబడి కాయలు వలుస్తున్నారు. నాగేశ్వరరావు ఎవరని అడిగితే చివరి మనిషి చెయ్యెత్తాడు. ముప్పై కూడా ఉండవు. నేనెవరో చెప్పాను. కంప్యూటర్ పని చేసింది నేనేనని చెప్పాను. అతను చేతిలోని కాయ కింద పెట్టాడు.

"డాక్టరమ్మ గారు చెప్పేరండీ. మిషను తప్పు చెప్పిందని."

"మిషను కాదండీ. దానికి తప్పుగా చెప్పింది నేను."

అతను పీచు దుమ్ము పట్టిన చేతుల్ని లుంగీకి తుడుచుకున్నాడు.

"ఆ కాయితంలో మా ఆవిడ పేరుందాండీ?"

"ఉందండీ. తెచ్చేను."

"నాకు చదువు రాదండీ. ఓసారి చదవండి."

"మీ ఆవిడదా?"

"మొత్తం చదవండి."

మిగతా ముగ్గురూ పని ఆపారు. ఆడవాళ్ల పేర్లు నలుగురిలో చదవడం ఇష్టం లేక అంకెలు మాత్రమే చదివాను. పది పాయింటు నాలుగు. పదకొండు. తొమ్మిది పాయింటు ఎనిమిది. పది పాయింటు ఒకటి. ఎనిమిది పాయింటు రెండు. పదకొండు పాయింటు మూడు. సత్యవతి, అయిదు పాయింటు నాలుగు. అతను కదలకుండా నిలబడి వింటున్నాడు. మిగిలిన అయిదు అంకెలూ చదివి కాయితం మడిచాను.

"మా ఆవిడదే అందరికంటే తక్కువండి" అన్నాడతను.

"ఆయ్" అన్నాను.